నాలుగో ముక్క

నూట నలభై మూడు, నూట నలభై నాలుగు, ఇది కాదు, ఇది విరిగిన పెంకు, సగానికి మించి ఉంటేనే లెక్కలోకి తీసుకోవాలి, ఈ నియమం టీచరమ్మకి నేర్పింది నేనే, మొదటి రోజు మైక్రోస్కోపు పక్కన కూర్చోబెట్టుకుని, ఇదిగో అక్కా ఇలా చూడు అని నోరు జారాను, ఆవిడ నాకన్నా మూడేళ్లు పెద్దది మరి, పద్దెనిమిదేళ్లు బడిలో సైన్సు చెప్పి, పిల్లలు చేతికి అందొచ్చాక ఉద్యోగం మానేసి మా ల్యాబ్‌లో విద్యార్థిగా చేరింది, అక్కా ఏంటి మేడమ్, నలుగురూ వింటే మీకే బాగోదు, అని ఆవిడే సర్దింది, అప్పట్నించి నేను మేడమ్‌ని, ఆవిడ అందరికీ టీచరమ్మ, నూట నలభై నాలుగు దగ్గర ఉన్నానా ఐదు దగ్గరా, పోయింది, లెక్క పోయింది, మళ్లీ మొదట్నించి, అయినా ఈ లెక్క ఇవాళ ఎవరిక్కావాలి, ఊరికే చేతులకి పని ఉండాలని పెట్టుకున్నాను, గోడ గడియారం తొమ్మిదీ యాభై అంటోంది, పదకొండింటికి కమిటీ, మా ల్యాబ్ పెద్ద మాస్టారు, బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు, నేను, ముగ్గురం కూర్చుని టీచరమ్మ నాలుగేళ్ల పని నిలుస్తుందో నీళ్లపాలవుతుందో తేలుస్తాం, నీళ్లపాలు అంటే నవ్వొస్తోంది, మా పనంతా నీళ్ల అడుగునే కదా.

ఈ పెంకులు ఒకప్పుడు బతికున్నవి, సముద్రం మీద తేలే పిసరంత మొక్కలు, కంటికి ఆనవు, గాజుతో ఇల్లు కట్టుకుంటాయి, చచ్చాక ఆ ఇల్లు అడుక్కి దిగి బురదలో కలుస్తుంది, కొన్ని జాతులు మంచు కప్పిన నీళ్లలోనే బతుకుతాయి, కొన్ని మంచు తొలిగి నీళ్లు కాస్త వెచ్చబడితే గాని తొంగిచూడవు, కాబట్టి ధ్రువం దగ్గర సముద్రంలోకి గొట్టం దింపి, బురద పైకి లాగి, ఏ పొరలో ఎవరున్నారో లెక్కపెడితే లక్షల ఏళ్ల కిందట అక్కడి నీళ్ల సంగతి తెలుస్తుంది, బురదలో గులకరాళ్లు తగిలితే ఇంకో సంగతి తెలుస్తుంది, ఒడ్డున మంచు విరిగిందనీ, ఆ ముక్కలు తేలుకుంటూ వచ్చి కరిగి, కడుపులో పట్టుకొచ్చిన రాళ్లని అక్కడ వదిలేశాయనీ, అంతే, ఇంతే మా విద్య, టీచరమ్మ అయితే ఏడో తరగతి పిల్లలకి రెండు నిమిషాల్లో చెప్పేస్తుంది, ఆ రెండు నిమిషాల సంగతి మీదే మాస్టారికి ఇంత పేరు, గులకరాళ్లు కిందా వెచ్చటి నీళ్ల పెంకులు పైనా ఉన్నాయి, అంటే ముందు మంచు విరిగింది, ఆ తరవాతే సముద్రం వేడెక్కింది, మంచు తన బరువుకి తనే కూలుతుంది, నీళ్ల వేడి చూసి ముందుగా పసిగట్టలేం, అని పదకొండేళ్ల కిందట ఒకే ఒక గొట్టం, ఆ గొట్టాన్ని ముక్కలుగా కోస్తే వచ్చిన నాలుగో ముక్క చూపించి లోకానికి చెప్పారాయన, తీరాల్లో గోడలు కట్టేవాళ్లు కూడా ఆ మాట పట్టుకునే లెక్కలు వేసుకుంటున్నారట, ఇప్పుడు టీచరమ్మ అదే సముద్రంలో, కాస్త అవతల తీసిన రెండో గొట్టం లెక్కపెట్టి, సార్ నాకు తిరగబడి వస్తోంది, పెంకులు కింద, రాళ్లు పైన, ముందు నీళ్లే వేడెక్కాయి, చాలాకాలం తరవాత మంచు విరిగింది, అంది, మాస్టారు కాగితాలు ఆవిడ ముందుకి తోసి, హాజరు పట్టీ అనుకున్నావామ్మా, ఎటు నుంచి పిలిచినా ఒకటే అనుకోడానికి, ఒక్కో పొర బురద పోసిన సీసాలు తారుమారు చేసి ఉంటావు, మళ్లీ చూసుకో, అన్నారు, ల్యాబ్‌లో ఇద్దరు కిసుక్కున నవ్వారు, నేను నవ్వలేదు, అలాగని నోరూ తెరవలేదు, ఆవిడ మళ్లీ చూసుకుంది, మూడోసారీ చూసుకుంది, మూడుసార్లూ అదే జవాబు.

ఆ తరవాతైనా నోరు ఎందుకు తెరవలేదంటే, ఆ సాయంత్రమే టీచరమ్మ నా గది గుమ్మంలో నిలబడి, మేడమ్, మీరొక్కసారి ఆ పాత నాలుగో ముక్క ఫోటో చూడరా, నా కళ్లకేమన్నా అయిందేమో, అంది, ఆవిడ వెళ్లాక తెరిచాను, పెద్దది చేసి చూశాను, గొట్టాన్ని బురదలోకి దింపేటప్పుడు గొట్టం గోడ పొరల అంచుల్ని తనతోపాటు కిందికి ఈడుస్తుంది, అందుకే ఏ ముక్క చూసినా పొర గొడుగులా ఉంటుంది, నడుమ ఎత్తుగా, అంచులు వాలి, మూడో ముక్కలో గొడుగు, ఐదో ముక్కలో గొడుగు, నాలుగో ముక్కలో స్పష్టంగా ఉన్నది ఒకే ఒక్క పొర, అది గిన్నెలా ఉంది, అంచులు పైకి లేచి, అమాయకంగా, గిన్నె, నేను ఫోటో మూసేశాను, ఒక్క పొరే కదా, ఫోటోలో నీడేమో, కంప్యూటర్లోకి ఎక్కించినవాడు తలకిందులుగా ఎక్కించాడేమో, అని పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు పంతొమ్మిది రోజులు తాగాను, ఈలోగా మాస్టారు కమిటీ పెట్టించారు, నోటీసు కింద నేనూ సంతకం చేశాను, పెన్ను రాయకపోతే విదిలించి మరీ చేశాను, ఎందుకంటే ఆ ముక్క ఓడ మీదికి వచ్చిన పూట డెక్కు మీద డ్యూటీ నాది, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు రోజూ తడుముకుంటూనే ఉన్నాను, నిన్న మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక చెల్లికి ఫోన్ చేసి, నాన్న మెట్ల మీంచి పడ్డది ఏ తారీఖే, అని అడిగాను, అది అన్నం తింటూ, ఇప్పుడెందుకే అది, ఆరో తారీఖు, పొద్దున్న, నువ్వు ఓడలో ఉన్నావుగా, ఎంతసేపు ప్రయత్నిస్తే దొరికావో, నేనిక్కడ ఆస్పత్రి వరండాలో ఏడుస్తుంటే నువ్వు సరే సరే అని పెట్టేశావు, ఏళ్ల తరబడి దెప్పాను కదా నిన్ను, మర్చిపోయావా, అంది, మర్చిపోలేదే, అన్నాను, ఓడ చిట్టాలో నాలుగో ముక్క ఎదురుగా ఆరో తారీఖు, పొద్దున్న తొమ్మిదీ నలభై అని ఉంది.

లేస్తున్నాను, లేచాను, మైక్రోస్కోపు దీపం ఆర్పలేదు, వెనక్కి వెళ్లి ఆర్పాను, ఇలాంటివాటికి మాత్రం ఎంత జాగ్రత్తో, వరండా చివర మెట్లు దిగితే చలిగది, దాన్ని కాపలా కాసే పెద్దాయన్ని అందరూ పెంగ్విన్ అంటారు, ఆయన ముందే అంటారు, ఆయనా పలుకుతాడు, మండే ఎండల్లో కూడా స్వెట్టరు వేసుకుని బస్సెక్కే మనిషి ఈయనొక్కడే, ఏం మేడమ్ దారి తప్పారా, ఇటు నల్లపూసైపోయారు, అంటూ రిజిస్టరు తోశాడు, ముక్క నంబరు చెప్పాను, ఆయన కళ్లజోడు నుదుటి మీంచి దించుకుని, ఓ అదా, పేరు చూస్తే లోకమంతా, చూడ్డానికి వచ్చే నాథుడు లేడు, మాస్టారొక్కరే ఒకసారొచ్చారు, అన్నాడు, ఎప్పుడు, అన్నాను, నాలుగేళ్లయింది, అరగంట పైనే కూర్చున్నారు, లోపల ఫ్రిజ్‌లో ఉన్నట్టుంటుందా, మనిషి లేవడే, చేతులు నీలుక్కుపోతుంటే నేనే టీ తెచ్చిచ్చాను, తాగకుండా పట్టుక్కూర్చున్నారు, అని చెప్తూనే పేజీలు తిప్పి సంతకం పెట్టాల్సిన చోటు చూపించాడు, ఆ నంబరు కింద రెండే వరసలు, పైన మాస్టారి సంతకం, సాగదీసిన తోకతో, కింద ఖాళీ, ఆ ఖాళీలో నా పేరు రాశాను, అక్షరాలు నావిలా లేవు.

లోపల చలి ముందు పళ్లకి తగిలింది, అరలు, అరల నిండా పొడుగాటి డబ్బాలు, ప్రతి ముక్కనీ నిలువునా చీల్చి ఒక సగం వాడుకుంటాం, ఒక సగం ఎవరూ ముట్టుకోకుండా ఇక్కడ దాస్తాం, రేపెవరికైనా అనుమానం వస్తే చూసుకోడానికి, రేపంటే ఇవాళే, పెంగ్విన్ డబ్బా బల్ల మీద పెట్టి, నేను తలుపు దగ్గరుంటానమ్మా, అని వెళ్లాడు, మేడమ్ పోయి అమ్మా అయింది, నా మొహం ఎలా ఉందో మరి, మూత తీశాను, బూడిద రంగు బురద, మనిషి పొడుగుంటుంది, గాజు పలక అంచుతో పై పొర నెమ్మదిగా గీకాను, గీకితే లోపలి గీతలు తేటపడతాయి, తేటపడకూడదని అనుకుంటూనే గీకాను, పొర కనిపించింది, గిన్నె, ఇంకాస్త కింద గీకాను, అక్కడ ఇంకో పొర, సన్నటిది, ఫోటోలో పడనిది, అదీ గిన్నే, ఇసకైనా సరిగా ఉంటుందేమోనని చూశాను, నీళ్లలో గుప్పెడు మట్టి వేస్తే ముందు ముతక ఇసక దిగుతుంది, తరవాత మెత్తటి ఒండ్రు కూర్చుంటుంది, పసిపిల్లలకి కూడా తెలుసు, ఇక్కడ ఒండ్రు కింద ఉంది, ఇసక దాని నెత్తిన ఎక్కి కూర్చుంది, పై కొస నీలం మూత, కింది కొస తెల్ల మూత, నీలం అంటే పైన, తెలుపంటే అడుగు, ఓడెక్కిన రోజే బట్టీ పట్టించారు, ఆకాశం నీలం ఆకాశం పైన అని పాటలా, నీలం మూత మీద నల్ల మార్కరుతో బాణం, పక్కన నాలుగు అంకె, నా నాలుగు, నెత్తి కలవకుండా రాసే నా నాలుగు, నాన్న ఎప్పుడూ తిట్టేవాడు, అదేం నాలుగే, నోరు తెరుచుకున్న పక్షిపిల్లలా, అని.

ఓడ ఆ పొద్దున పక్కలకి ఊగుతోంది, డెక్కు తడి, గొట్టం బల్ల మీద పడుకోబెట్టి ముక్కలు కోస్తున్నాం, నేను, ఒక టెక్నీషియను, ఒకటి రెండు మూడు మూతలు పడ్డాయి, నాలుగోది కోశాం, మూతలు పెట్టి బాణం గీయాలి, మార్కరు నోట్లో ఉంది, దాని క్యాపు పళ్లతో లాగుతున్నాను, ఇంతలో రేడియో అతను పైనుంచి, ఇంటి నుంచి ఫోన్, త్వరగా, అని అరిచాడు, ఇంటి నుంచి ఓడకి ఫోన్ వస్తే అది శుభవార్త కాదు, చేతి తొడుగులతోనే పరిగెత్తాను, అక్కా నాన్న పడ్డాడే, తలకి తగిలింది, స్కానింగ్‌కి తీసుకెళ్లారు, నువ్వు రాలేవా, ఎలా వస్తానే, చుట్టూ మంచు, సరే, సరే, డాక్టరేమన్నాడు, సరే, నాలుగు నిమిషాలు, లైను పోయింది, తిరిగి వస్తే టెక్నీషియన్ని క్రేను దగ్గరికి పిలిచారు, బల్ల మీద నాలుగో ముక్క లేదు, ఓడ ఊగి దొర్లినట్టుంది, ఎవరో తీసి గోడ వారగా పెట్టారు, రెండు కొసలూ ఒకేలా బూడిద రంగు, నేను వంగాను, తీశాను, మూతలు పెట్టాను, బాణం గీశాను, అంకె వేశాను, ఒక్క క్షణం ఆగి ఆలోచించానా, లేదు, ఆగి ఉంటే గుర్తుండేది, నాన్నకి కుట్లు పడతాయా ఆపరేషను పడుతుందా అన్నదే బుర్రలో ఉంది, తరవాత నాన్న లేచాడు, ఆరేళ్లు బతికి అందరినీ సాధించాడు, ఆ రోజు నాకు నాన్న పడ్డ రోజుగానే మిగిలింది, ముక్క తిరగబడ్డ రోజని ఇప్పుడు ఈ చలిలో తెలుస్తోంది, పది నలభై, తెలుసా తెలియదా అనే సందేహం ఇక లేదు, అది ఉన్నన్నాళ్లు ఎంత సుఖంగా ఉందో.

కమిటీ గదిలో ఏసీ గరగరమంటోంది, బల్లకి అటు మాస్టారు, తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఈ ఉద్యోగంలోకి నన్ను తీసుకున్నది ఈయనే, వచ్చే ఏడు తన కుర్చీ నాకే అని నలుగురిలో అన్నదీ ఈయనే, పక్కన బయటి ప్రొఫెసరు, కళ్లజోడు తాడుతో మెడలో వేలాడేసుకున్న సన్నపాటి ఆవిడ, ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం, ఈ చివర టీచరమ్మ, ముందు మూడు కట్టలు, మూడుసార్ల లెక్కలు, దారంతో కట్టి, బడిలో జవాబు పత్రాలు కట్టినట్టు, ప్రొఫెసరు అడిగారు, మీ సీసాలు తారుమారయ్యే అవకాశం ఏమన్నా ఉందామ్మా, లేదండీ, అంది టీచరమ్మ, పద్దెనిమిదేళ్లు పిల్లల పేపర్లు దిద్దాను, ఒకళ్ల మార్కులు ఇంకొకళ్లకి ఎప్పుడూ వెయ్యలేదండీ, ప్రొఫెసరు నవ్వబోయి ఆపుకున్నారు, మాస్టారు మెత్తగా, ఆయన మెత్తగా మాట్లాడితేనే నాకు భయం, మనిషన్నాక పొరపాటు సహజమమ్మా, ఒప్పుకుంటే అయిపోతుంది, ఇంకో ఏడాది తీసుకుని మళ్లీ మొదలుపెట్టు, మేమేం కాదనం, అన్నారు, ఒప్పుకుంటే అయిపోతుంది, ఆ మాట బల్ల మీద తిరిగి తిరిగి నా ముందు ఆగింది, టీచరమ్మ కట్టల మీది దారం సర్దుతోంది, ఇంటికెళ్లి ఏం చెప్తుందో, ఈ వయసులో చదువేంటని నవ్వినవాళ్లకి ఏం చెప్తుందో, నేను చెప్పాలి, ఇప్పుడు, చెప్తే నా కుర్చీ, చెప్తే మాస్టారి పదకొండేళ్ల పేరు, టీచరమ్మ తలెత్తింది, సరే సార్, మీరంతా పెద్దవాళ్లు, బహుశా నాదే ఎక్కడో, అంటోంది, అనేస్తోంది, తన తప్పని ఒప్పేసుకుంటోంది.

తారుమారైంది ఆవిడ సీసాలు కాదు మాస్టారూ, పాత నాలుగో ముక్క, దాన్ని తిరగేసింది నేను.

ఇది నా గొంతే, కాస్త పెద్దగానే వచ్చింది, ఆరో తారీఖు, ఓడ మీద, మూతలు అటుది ఇటు పెట్టాను, చలిగదిలో చూసొచ్చాను, పొరలు పైకి వంగి ఉన్నాయి, ఇసక ఒండ్రు పైకి చేరి ఉంది, నా చేతిరాతే, అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను, ఏసీ గరగర, ప్రొఫెసరు కళ్లజోడు పెట్టుకున్నారు, టీచరమ్మ దారం వదిలేసింది, మాస్టారు కోప్పడతారనుకున్నాను, ఏం మాట్లాడుతున్నావని లేస్తారనుకున్నాను, ఆయన లేవలేదు, ఏంటని అడగలేదు, ఎలాగని అడగలేదు, ఎప్పుడు చూశావు, అన్నారు, ఇవాళ పొద్దున మాస్టారూ, మీ సంతకం కిందే పెట్టాను నా సంతకం, అన్నాను, ఆయన కళ్లు దించుకున్నారు, ప్రొఫెసరు ఇద్దర్నీ చూసి, మీరొక్క ఐదు నిమిషాలు బయట కూర్చోండమ్మా, అని టీచరమ్మని పంపారు, తలుపు పడ్డాక మాస్టారు జేబులోంచి పెన్నులు రెండూ తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టి, చూశాను, నాలుగేళ్ల కిందట చూశాను, నీ చేతిరాత గుర్తుపట్టాను, చెప్తే నువ్వు తట్టుకోలేవనుకున్నాను, అన్నారు, నా కోసమా మాస్టారూ, అన్నాను, నాకే తెలియని కోపంతో, నా కోసమే ఆవిణ్ణి నలుగురిలో హాజరు పట్టీ అని ఎగతాళి చేశారా, ఆయన పెన్నులు చూస్తూ, కొంత నీ కోసం, ఎక్కువ నా కోసమే, రెండో గొట్టం ఆవిడకి ఇచ్చింది నేనే కదా, నేను అడ్డుపడితే ఇంకెవరైనా తీస్తారని ఇచ్చాను, తిరగబడి రాకూడదని దణ్ణం పెట్టుకుంటూనే ఇచ్చాను, వచ్చాక చూడలేకపోయాను, అన్నారు, ఆయన ముసలివాడైపోయినట్టు కనిపించింది, ఆ మాటకి తేలికపడ్డట్టూ కనిపించింది, ప్రొఫెసరు కాగితం ముందుకి లాక్కుని, సవరణ రాసి పత్రికకి పంపండి, ఇద్దరూ సంతకాలు చెయ్యండి, ఈ అమ్మాయి పని మాత్రం ముందుకెళ్తుంది, దాని మీద ఇక చర్చ లేదు, అన్నారు, నలభై ఐదు దాటినావిణ్ణి అమ్మాయి అన్నారు, ఎవరూ నవ్వలేదు.

తలుపు తీసి వరండాలోకి వచ్చాను, నాలుగేళ్లు, నాలుగేళ్లు నోరు మూసుకుని కూర్చున్నాడు, నాలుగేళ్లు ఆవిడ చేత గాజుపెంకులు లెక్కపెట్టించి, వాటినే తప్పన్నాడు, ఎంత మనిషి, ఎంత నమ్మాను, కాళ్లు విసవిసా నడుస్తున్నాయి, ఓడ మీది పొరపాటు మనసులో బరువుగా ఉన్నదల్లా దిగిపోయింది, అది పొరపాటేగా, నాన్న ఆస్పత్రిలో ఉంటే ఎవరి చేతైనా జరుగుతుంది, దానికి నన్ను ఉరి తీయరు ఎవరూ, కోపమొక్కటే మిగిలింది, వెచ్చగా, హాయిగా, బెంచీ మీద టీచరమ్మ కట్టలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, నన్ను చూసి లేవబోయింది, కూర్చో కూర్చో, నీ లెక్కలు సరైనవే, పాసైపోయాయి, అన్నాను, ఆవిడ కళ్లు నిండాయి, కొంగుతో తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు, మీరు లేకపోతే నేనివాళ ఒప్పేసుకునేదాన్ని మేడమ్, నిజంగానే నాదే తప్పేమో అనిపించేసింది, రోజూ రాత్రి సీసాలు కళ్లముందు తిరిగేవి, నా బుర్ర మీద నాకే నమ్మకం పోయింది, అంది, కట్టలు సర్దుకుని, మామూలుగానే, ఏ అనుమానమూ లేకుండా, మీకెప్పుడు తెలిసింది మేడమ్, అని అడిగింది.

ఇవాళ పొద్దున, నాలుక మీద సిద్ధంగా ఉంది, ఇందాక లోపల వాడిన మాటే, అబద్ధం కూడా కాదు, కళ్లారా చూసింది ఇవాళే, చలిగది రిజిస్టరు కూడా అదే చెప్తుంది, ఎవరూ కాదనలేరు, ఎవరూ ఎప్పటికీ అడగరు, ఆవిడ నా మొహంలోకి ఎంత నమ్మకంగా చూస్తోందో, ఈ నమ్మకం ఎంత బాగుంది, ఫోటో మూసేసిన సాయంత్రం నుంచి ఆవిడ సీసాలు కలలోకి తెచ్చుకుంటూనే ఉంది, నేను గది తలుపేసుకుని నా లెక్క నేను చేసుకుంటూనే ఉన్నాను, మాస్టారికి నాలుగేళ్లు, నాకు పంతొమ్మిది రోజులు, ఇంకో రెండు నెలలు అడిగేవాళ్లు లేకపోతే నాకూ రెండు నెలలు, ఇంకో ఏడాదైతే ఏడాది, ఆయన ఎక్కడ కూర్చున్నాడో నేనూ అక్కడే కూర్చున్నాను, నేను కాస్త ఆలస్యంగా వచ్చి కూర్చున్నాను, అంతే, ఓడ మీద నా చెయ్యి ఏం చేసిందో దానికి తెలియదు, ఈ పంతొమ్మిది రోజులూ ప్రతిరోజూ నాకు తెలుసు, ఒప్పుకోవాల్సింది ఆ ముక్క సంగతి కానే కాదు, అది ఒప్పుకోవడం తేలిక, నలుగురూ మెచ్చుకుంటారు కూడా, ఈవిడకి చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు, చెప్తే ఈ చూపు పోతుంది, పోతే పోనీ.

బెంచీ మీద ఆవిడ పక్కన కూర్చున్నాను, పంతొమ్మిది రోజులైంది అక్కా, అన్నాను.